పాస్తా సాసు సీసాలు: ఏది పథ్యం, ఏది అపథ్యం?

గోదావరిఖని లక్ష్మీనగర్ దుకాణాలలో గాని, యైటింక్లయిన్ కాలనీ, జ్యోతినగర్ అంగళ్లలో గాని నేడు సేమియా పొట్లాల ప్రక్కనే పాస్తా పొట్లాలు, వాటి పై అరలో ఎర్రని, తెల్లని సాసు సీసాలు బారులు తీరి కనబడుతున్నాయి. వైద్యశాలకు వచ్చే గృహిణులు మందు చీటీ చేత పుచ్చుకొని లేచేటప్పుడు, కొంచెం సంకోచంతోనే, "అయ్యా, పిల్లలు పాస్తా అడుగుతున్నారు. ఏ సీసా కొంటే మంచిది?" అని ప్రశ్నించడం సాధారణమైపోయింది.

ఈ ప్రశ్నకు మా వైద్యులలో పలువురు ఇచ్చే సమాధానం ఒక్కటే: "అది మన తిండి కాదు, మానివేయండి." ఈ సమాధానంతో నేను ఏకీభవించను. అడిగినది పోలిక; ఇచ్చినది నిందావాక్యం. మానివేయమన్నంత మాత్రాన ఇంటిలో సీసా మాయం కాదు. వైద్యుని ఎదుట దానిని గూర్చి మాట్లాడడం మాత్రం ఆగిపోతుంది. రోగి ఏమి తింటున్నదీ వైద్యునికి చెప్పని ఇంటిలో ఏ చికిత్సా సక్రమంగా సాగదు. కనుక ఆ సీసాలను వరుసగా ముందు పెట్టుకొని శాస్త్రదృష్టితో పరిశీలించడమే ఉచితమని నా అభిప్రాయం.

పరదేశీయమన్న ఆక్షేపణ

పాస్తా అనగానే ఏదో వింత పదార్థమని భయపడవలసిన పనిలేదు. మన ఇండ్లలో పండుగనాడు పాయసానికి వాడే సేమియా దాని దాయాదియే. గోధుమ రవ్వను గాని, పిండిని గాని నీటితో కలిపి ముద్దచేసి, అచ్చులో వత్తి, ఎండబెట్టినదే రెండూను.

ఇక టమాటా విషయం. అది ఇటలీ దేశపు సొత్తూ కాదు, మన సొత్తూ కాదు. దక్షిణ అమెరికా ఖండంలో పుట్టి, సముద్రాలు దాటి ఉభయులకూ చేరినది. ఇటలీలో టమాటా సాసు తయారీ విధానం అచ్చయిన తొలి గ్రంథం అంతోనియో లాతినీ అనే పాకశాస్త్రజ్ఞుడు నేపుల్స్ నగరంలో 1692లో ప్రకటించినది. చరకునికి గాని, వాగ్భటునికి గాని టమాటా తెలియదు, ఎండుమిరప తెలియదు. అయినను మనం నేడు ఈ రెండూ లేని వంట ఊహించలేకున్నాము. పరదేశం నుండి వచ్చినదన్న ఒక్క కారణంతో ఒక పదార్థాన్ని త్యజించవలసి వస్తే మన పప్పుచారు కూడా నిలువదు.

సాసులో వేసే సుగంధ ద్రవ్యాలూ అంతే. బేసిల్ అనేది మన రుద్రజడ. దాని విత్తులే వేసవిలో మనం నానబెట్టి త్రాగే సబ్జా గింజలు. ఒరెగానో మన మరువపు జాతి మొక్క. దాని ఘాటుకు మన వాము ఘాటు మిక్కిలి దగ్గరది. అగ్నిదీపనానికి వామును మించినది మన వంటింటిలో అరుదు.

కొలబద్ద ఏది?

చరక సంహిత విమానస్థానంలో రసవిమానమనే మొదటి అధ్యాయం ఉన్నది. ఆహారాన్ని పరీక్షించడానికి ఎనిమిది అంశాలను అక్కడ చెప్పారు: ప్రకృతి, కరణం, సంయోగం, రాశి, దేశం, కాలం, ఉపయోగసంస్థ, ఉపయోక్త. పదార్థపు సహజ గుణం, దానికి చేసిన సంస్కారం, దేనితో కలిపినది, ఎంత తిన్నది, ఏ ప్రదేశంలో, ఏ వేళలో, ఏ నియమంతో, ఎవరు తిన్నది అని వీని అర్థం. గురుకులంలో మాకు ఈ ఎనిమిదింటినీ అన్నం ముందు కూర్చున్నప్పుడెల్లా వల్లె వేయించేవారు. పదార్థం పేరు గాని, దాని వెల గాని ఈ ఎనిమిదింటిలో లేవని పాఠకులు గమనించవలెను.

సీసాను ఈ కొలబద్దతో కొలవడానికి నేడు మనకొక సౌకర్యం కలదు. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం క్రింద ఏర్పడిన నియమాల ప్రకారం పొట్లంపైన, సీసాపైన అందులోని పదార్థాల జాబితా ఉండవలెను. ఎక్కువ బరువున్న పదార్థం ముందు, తక్కువ బరువున్నది తరువాత, ఈ వరుసలోనే అవి ఉండవలెను. 100 గ్రాములలో ఎంత కొవ్వు, ఎంత చక్కెర, ఎంత సోడియం ఉన్నదో కూడా అచ్చువేయవలెను. సీసా ముందుభాగంలోని ఎర్రని పండ్ల బొమ్మ అలంకారం మాత్రమే. వెనుక భాగంలోని సన్నని అక్షరాలే దాని జాతకం.

సీసాల పోలిక

అంగడిలో దొరికేవానిని నేను ఐదు తెగలుగా విభజిస్తాను.

మొదటిది, ఏమీ కలపని టమాటా గుజ్జు, అనగా ప్యూరీ. టమాటాను ఉడికించి, వడగట్టి, చిక్కపరచి అట్టడబ్బాలో పోసినది. ఉప్పు కలపనిది చూచి తెచ్చుకోవచ్చును. ఇది సాసు కాదు, సాసుకు మూలం. ఉప్పు, కారం, నూనె మన చేతిలోనే ఉంటాయి. కనుక దీనికి ప్రథమ స్థానం.

రెండవది, పాస్తా కోసమే చేసిన ఎర్రని సాసు. టమాటా, నూనె, వెల్లుల్లి, బేసిల్ ఆకులతో సౌమ్యంగా ఉండేది ఒకటి. ఎండుమిరప దట్టించి అరాబియాటా అనే పేరుతో వచ్చేది మరొకటి. ఇటలీ భాషలో ఆ మాటకు కోపించినది అని అర్థం. అమ్లపిత్తంతో, కడుపులో పుండుతో బాధపడేవారి విషయంలో ఆ పేరు సార్థకమే. జాబితాలో టమాటా మొదట ఉండి, చక్కెర, పిండి పదార్థాలు చివరకు పోయిన సీసాను ఎంచుకోవలెను. నీరు మొదట, చిక్కదనం కోసం కలిపిన స్టార్చి మధ్యన కనిపించినదంటే మనం టమాటా వెల ఇచ్చి గంజి కొంటున్నామన్నమాట.

మూడవది, అందరికీ పరిచితమైన కెచప్. పిల్లల బలవంతం మీద దీనినే పాస్తాలో కలిపే ఇండ్లు అనేకం. కెచప్ నంజుకొనడానికి చేసినది, కలుపుకొనడానికి కాదు. సాధారణంగా దాని బరువులో నాలుగవ వంతు వరకు చక్కెర ఉంటుంది. 60 గ్రాములు కలిపితే మూడు చిన్న చెంచాల చక్కెర పాస్తాలో పోసినట్లే. మధుమేహం ఉన్న ఇంటిలో ఇది అపథ్యం.

నాలుగవది, తెల్లని సాసు. పాలు, మైదా, వెన్న, ఛీజు, ఉప్పు దీని సామగ్రి. పాలతో లవణాన్ని, అమ్లాన్ని కలుపడం మన శాస్త్రంలో విరుద్ధాహారం. పాలతో కూడా ఉప్పు తినే బాహ్లిక, సౌరాష్ట్ర, సైంధవ, సౌవీర దేశవాసుల ప్రస్తావన రసవిమానంలోనే ఉన్నది. అట్టివారికి అకాలంలో వెంట్రుకలు నెరయడం, రాలడం, చర్మం ముడతలు పడడం కలుగుతాయని కూడా అక్కడే చెప్పారు. ఆధునికులు ఈ విరోధాన్ని ఇదే పరిభాషలో అంగీకరించకపోవచ్చును. కాని ఛీజులో, వెన్నలో ఉండే కొవ్వును, ఛీజులోని ఉప్పును మితం చేయమనడంలో వారికీ మాకూ భేదం లేదు. ఎప్పుడో ఒకనాడు తినవచ్చును. వారం వారం కూడదు. ఎరుపు, తెలుపు రెండూ కలిపి గులాబీరంగు సాసు చేయడం మరింత దోషం.

ఐదవది, పాస్తా పొట్లంతోపాటే వచ్చే మసాలా పొడి. నీటిలో వేసి కలిపితే చాలు, సాసు సిద్ధం. శ్రమ అతి స్వల్పం. అందులో టమాటా భాగమూ స్వల్పమే. ఉప్పు, చక్కెర, స్టార్చి, రుచిని పెంచే లవణాలు ముందు వరుసలో ఉంటాయి. దీనికి చివరి స్థానం.

నిలువ ఉంచే ద్రవ్యాల గురించి ఒక మాట. ఐ.ఎన్.ఎస్. 211 అని ఉంటే అది సోడియం బెంజోయేట్. 260 అంటే వెనిగర్‌లోని ఆమ్లం. 330 అంటే నిమ్మ ఉప్పు. ఇవి పరిమితికి లోబడి అనుమతించినవే. వీని పేరు వినగానే విషమని కేకవేయడం వైద్యధర్మం కాదు. అయితే ఇవి లేని సీసా తెరచిన తరువాత త్వరగా పాడవుతుంది. దానిని ఫ్రిజ్‌లో ఉంచి, పొడి చెంచాతో తీసి, సీసాపై చెప్పిన గడువులోపల ముగించవలెను.

అసలు ప్రమాదం ఉప్పులో ఉన్నది

పిప్పలి, క్షారం, లవణం అనే మూడింటిని అతిగా వాడరాదని ఆ రసవిమానంలోనే ప్రత్యేకంగా హెచ్చరించారు. ఈ మూడూ మంచివే, ఔషధాలే. మంచివి కనుకనే మనిషి హద్దు మరచిపోతాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు పెద్దలకు రోజుకు 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు చాలునంటున్నది. అనగా చిన్న చెంచాకు మించరాదు. సోడియం లెక్కలో అది 2000 మిల్లీగ్రాములు.

సీసాపై ఉప్పు అని ఉండదు, సోడియం అని ఉంటుంది. దానిని రెండున్నరతో హెచ్చిస్తే ఉప్పు వస్తుంది. ఉదాహరణకు ఒక సీసాపై 100 గ్రాములకు 500 మిల్లీగ్రాముల సోడియం అని ఉన్నదనుకొనండి. 400 గ్రాముల సీసాను నలుగురు ఒక్క పూటలో ముగిస్తే ఒక్కొక్కరికి 100 గ్రాములు. అంటే ఒక్కొక్కరి కడుపులోకి ఒక్క సాసు ద్వారానే గ్రామున్నర పావు తక్కువ, 1.25 గ్రాముల ఉప్పు పోయినది. రోజు మొత్తానికి చెప్పిన దానిలో ఇది నాలుగవ వంతు. పాస్తా ఉడికే నీటిలో వేసిన ఉప్పు, పైన చల్లిన ఛీజులోని ఉప్పు దీనికి అదనం. రెండు సీసాల మధ్య ధరలో పది రూపాయల భేదం వెదికే మనం, సోడియంలో ఉన్న భేదాన్ని వెదకడం లేదు.

ఈ ప్రాంతంలో దీనికి ఒక ప్రతివాదం వినవస్తుంది. "బాయిలో చెమటోడ్చే మనిషికి ఉప్పు ఎక్కువైతే నష్టమేమిటి?" అని. రామగుండం వేసవి ఎంతటిదో నాకు తెలియును. 45 డిగ్రీలు దాటిన దినాలు ఇక్కడ వింత కాదు. ఓపెన్‌కాస్టు గనిలో ఎండకు నిలబడే కార్మికునికి చెమటతో నీరు, లవణం రెండూ పోతాయి, నిజమే. అయితే పోయినప్పుడు, పోయినచోట, తగినంత నీటితో, పలుచని మజ్జిగతో దానిని పూరించవలెను. రాత్రి పళ్లెంలోని సాసు ద్వారా కాదు. పైగా ఆ పళ్లెం చుట్టూ కూర్చున్నది ఆయన ఒక్కడే కాదు. బి.పి. మాత్రలు వేసుకొనే తల్లి, పదవీవిరమణ చేసిన తండ్రి, రోజంతా బడిలో కూర్చున్న పిల్లలు, చల్లని గదిలో యంత్రం నడిపే అన్న కూడా ఆ సాసునే తింటున్నారు. ఒకరి చెమట మరొకరి ఉప్పును సమర్థించదు. ఉపయోక్తను బట్టి ఆహారం మారవలెనన్న ఎనిమిదవ అంశం చెప్పేది ఇదే.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పవలసి ఉన్నది. సీసా దోషి అయితే మన జాడీ కూడా నిర్దోషి కాదు. మామిడికాయ తొక్కు ఏడాది నిలువ ఉండేది ఉప్పు వల్ల, నూనె వల్ల. అందులో పదింట ఒక వంతు ఉప్పు ఉన్నదనుకొన్నా, 15 గ్రాముల తొక్కుతో గ్రామున్నర ఉప్పు లోపలికి పోతుంది. పాస్తా సాసును తిట్టి, ముద్దముద్దకూ తొక్కు నంజుకొనడం ఆరోగ్యసూత్రం అనిపించుకోదు.

వేళ, శ్రమ

గోదావరిఖని అనే పేరులోనే గని ఉన్నది. బొగ్గు గనుల ప్రాంతపు ఇంటికి భోజనవేళ ఒక్కటి కాదు. మొదటి షిఫ్టు వానికి ఒక వేళ, రెండవ షిఫ్టు వానికి ఒక వేళ, రాత్రి షిఫ్టు వానికి మరొకటి. వంటింటి పొయ్యి మూడు షిఫ్టులలో పనిచేస్తుంది. దానికి మస్టరు లేదు. అలసిన ఇల్లాలి చేయి సీసా వైపు పోవడం సోమరితనం కాదు. 1952 నాటి గనుల చట్టంలో స్త్రీల పనిపై ఉన్న నిషేధాన్ని 2019లో కేంద్ర ప్రభుత్వం కొన్ని నిబంధనలతో సడలించినది. స్త్రీలు కూడా గనిలోకి దిగే ఈ కాలంలో, సులభమైన రాత్రి భోజనం ఎలాగన్నది ఆడవారి ప్రశ్న మాత్రమే కాదు, ఇంటిల్లిపాది ప్రశ్న. సాసు వండడం మగవారు కూడా నేర్వదగిన విద్యయే.

అయితే వేళ విషయంలో మాత్రం నేను కఠినంగానే చెబుతాను. రెండవ షిఫ్టు ముగించి అర్ధరాత్రి సమీపిస్తుండగా ఇల్లు చేరినవారు పులుపు, కారం గల సాసుతో కడుపునిండా పాస్తా తిని వెంటనే పడుకొనరాదు. గుండెమంట, పులితేపులు, నిద్రాభంగం దానికి ఫలం. అట్టివారు ప్రధాన భోజనాన్ని డబ్బాలో తీసుకుపోయి విరామంలో ముగించి, ఇంటికి వచ్చాక గోరువెచ్చని రాగిజావ వంటి తేలికైన దానితో సరిపెట్టుకొనడం మేలు. పాస్తా రాత్రి ఎనిమిది గంటలలోపు తినగలిగిన రోజుకే ఉంచుకొనండి. పొట్లం కొనేటప్పుడు మైదాతో చేసినది గాక, డ్యూరమ్ గోధుమ రవ్వతో చేసినదని వ్రాసి ఉన్నది తీసుకొనండి.

పాదపాదంగా మార్పు

అలవాటైన అపథ్యాన్ని ఒక్కసారిగా విడువరాదు. నాలుగవ వంతు చొప్పున తగ్గిస్తూ, ఆ స్థానంలో పథ్యాన్ని నింపవలెనని చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో చెప్పిన పద్ధతి. సాసుకు దీనిని చక్కగా అన్వయించవచ్చును.

మొదటి వారం మూడు పాళ్లు సీసా సాసు, ఒక పాలు ఉప్పు లేకుండా ఉడికించిన టమాటా గుజ్జు కలపండి. రెండవ వారం సగం సగం. మూడవ వారం ఒక పాలు సాసు, మూడు పాళ్లు గుజ్జు. సగం సగం కలిపిన రోజుననే పైన చెప్పిన 1.25 గ్రాముల ఉప్పు ఇంచుమించు 0.6 గ్రాములకు దిగుతుంది. పిల్లల నాలుకకు ఈ మార్పు అంతగా తెలియదు. సీసా కూడా రెండు పూటలకు వస్తుంది.

నాలుగవ వారానికి ఇంటి సాసు సిద్ధం చేసుకొనవచ్చును. నలుగురికి అర కిలో పండిన టమాటాలు, ఒక ఉల్లిగడ్డ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, రెండు చెంచాల నూనె, పావు చెంచా వాము, కొద్దిగా మిరియాల పొడి, అర చిన్న చెంచా ఉప్పు చాలును. నూనెలో వామును, దంచిన వెల్లుల్లిని దోరగా వేయించి, తరిగిన ఉల్లిగడ్డను మగ్గనిచ్చి, టమాటా ముక్కలు వేసి మూతపెట్టి ఇరవై నిమిషాలు సన్నని సెగపై ఉడికించండి. గరిటెతో మెదిపి, చివర ఉప్పు, మిరియాలు కలపండి. పులుపు ఎక్కువనిపిస్తే చక్కెర వేయక, ఒక చిన్న క్యారెట్టును తురిమి టమాటాతోపాటు ఉడికించండి. పాస్తా ఉడికించే నీటిలో ఉప్పు వేయనవసరం లేదు. ఒక్కొక్కరికి వచ్చే ఉప్పు సుమారు 0.7 గ్రాములు. సెలవునాడు రెట్టింపు చేసి చల్లార్చి, శుభ్రమైన డబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు అలసిన సాయంత్రానికి అదే మీ సీసా.

బి.పి., మూత్రపిండ వ్యాధి ఉన్నవారు ఆహారం మార్చినామని మాత్రలు మానరాదు. సోడియం తక్కువ గల ఉప్పు అని అమ్మేవానిలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండ రోగులు వైద్యుని అడుగకుండా దానిని ముట్టరాదు.

గృహిణులకు, వారికి చేదోడుగా నిలువవలసిన గృహస్థులకు నా మనవి ఇంతే. సీసా కొన్నందుకు సిగ్గుపడకండి. చదవకుండా కొన్నందుకు మాత్రం విచారించండి. ఈసారి అంగడికి వెళ్లినప్పుడు రెండు సీసాలను వెనుకకు త్రిప్పి, మొదటి పదార్థం ఏదో, సోడియం ఎంతో, చక్కెర ఎంతో పోల్చి చూడండి. చదవడానికి కళ్లద్దాలు అవసరమైతే అవి కూడా వెంట తీసుకుపొండి.